బుధవారం రావాల్సిన నీళ్లు

నేను ఎనిమిదో తరగతిలో చదువు ఆపేశానని ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. నేను ఆపలేదు. మూడో ఏడు కూడా అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చోబోతుంటే బెంచీయే విరిగింది. చెక్కకి లేని ఓపిక నాకు మాత్రం ఎందుకని ఇంటికొచ్చేశాను. ఆ తరగతి లెక్కల్లో ఒక్కటీ నాకు ఇప్పటికీ రాదు. కానీ మాస్టారు ఏ లెక్క దగ్గర దగ్గుతారో, ఏ పాఠం దగ్గర ఆవులిస్తారో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

దేవుడు నా తలకాయలో పెట్టాల్సింది పొరపాటున గొంతులో పెట్టేశాడని మా ఆవిడ అంటుంది. నేను మామూలుగా మాట్లాడితే పక్క వీధివాళ్లు "ఆఁ, ఏంటీ?" అని పలుకుతారు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు "ఫోనెందుకురా, అలాగే చెప్పు, వినపడుతోంది" అంటారు. పంక్చర్లు వేసుకునే నాకు ఊళ్లో కాస్తో కూస్తో గౌరవం ఉందంటే అది ఈ గొంతు వల్లే. శ్రీరామనవమి పందిరి నుంచి పోలియో చుక్కల దాకా మైకు నాదే. తప్పిపోయిన గేదె గురించి నేను మైకులో చెప్తే ఆ గేదె కూడా విని ఇంటికొచ్చేస్తుందని నాకు పేరు.

ఆ ఏడు వేసవిలో ఆ మైకు చేజారేంత పనైంది.

మొదలైంది శ్రీరామనవమి నాడు. పానకం పంచుతున్నారు. నేను మైకులో ఒక చిన్న మాట అన్నాను. "పానకం గ్లాసుల్లోనే పోస్తారండీ. బిందె తెచ్చుకున్న పెద్దలు దయచేసి బిందెని ఇంటికి పంపించాలి." నేను ఎవరి పేరూ చెప్పలేదు. కాకపోతే ఆ రోజు బిందె తెచ్చుకున్న పెద్ద ఊరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆయన పెద్ద మావయ్య.

పెద్ద మావయ్య నాకు చుట్టమేమీ కాదు. ఊళ్లో సగం మందికి ఆయన మావయ్య, మిగతా సగానికి బాబాయి. పొడవూ వెడల్పూ రెండూ ఉన్న మనిషి. ఊరి ఉత్సవాలన్నీ ఆయన చేతి మీదే జరుగుతాయి. మైకు సెట్టు ఉండేది కూడా ఆయనింట్లోనే. పానకం సంగతి ఆయన నెల దాకా ఎత్తలేదు. కాలువ ఆటలు దగ్గర పడ్డాక అరుగు మీదకి పిలిపించారు.

"ఒరేయ్, ఈసారి ఆటల్లో మైకులో ఒక్క జోకు, ఒక్కటంటే ఒక్కటి వేశావో, మైకు మాస్టారికిచ్చేస్తా. ఇచ్చానంటే మళ్లీ నీ చేతికి రాదు. ఆలోచించుకో."

"జోకంటే ఏదండీ మావయ్యా? నేను నవ్వితే జోకా, జనం నవ్వితే జోకా?"

"జనం నవ్వితే జోకే. ఇప్పుడు నువ్వడిగింది కూడా జోకే. ఇంకా ఆటలు మొదలవ్వలేదు కాబట్టి వదిలేస్తున్నా. పో."

మాస్టారంటే నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన ఆ మాస్టారే. ఇప్పుడు రిటైరయ్యారు. మంచాయన. కానీ ఆయన మైకు పట్టుకుంటే "భోజనాలకి రండి" అని చెప్పడానికి వరి ఏ దేశంలో పుట్టిందో అక్కణ్ణుంచి ఎత్తుకుంటారు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది. అలాంటి ఆయన చేతిలోకి నా మైకు వెళ్తుందంటే నాకు నిజంగానే గుండె జారింది. మా ఆవిడకి చెప్పాను. ఆవిడ జాలిపడలేదు సరికదా, "మీరు నిమ్మకాయ చెంచా ఆట దాకా కూడా ఆగలేరు" అంది.

కాలువ ఆటలంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా ఊరు దివిసీమలో ఒక కాలువకి ఆఖరి ఊరు. మా తర్వాత ఉప్పు నేల, మడ చెట్లు, ఆపైన సముద్రం. వేసవి రాగానే పైన నీళ్లు ఆపేసి కాలువలు కట్టేస్తారు. మా ఊరి మధ్య నుంచి వెళ్లే కాలువ ఎండి, అడుగంతా చాప పరిచినట్టు చదునుగా అవుతుంది. ఊళ్లో ఆడుకోవడానికి వేరే చోటు లేదు. చేలన్నీ మినుము పీకేశాక నెరియలు విచ్చి కాలు ఇరుక్కునేలా ఉంటాయి. మిగిలిన నేలంతా చేపల చెరువులే. అందుకని ఏటా వేసవిలో ఊరంతా కాలువలోకి దిగుతుంది. ఆటలు అడుగున, జనం రెండు గట్ల మీద. స్టేడియం కట్టించమని మేం ఎవర్నీ అడగలేదు, కాలువ తవ్వినవాళ్లే కట్టిచ్చి వెళ్లారు. నీళ్లున్నన్నాళ్లూ తూర్పు గట్టువాళ్లకీ పడమటి గట్టువాళ్లకీ మధ్య ఒక వంతెనే దారి. నీళ్లు పోయాక మాత్రం ఎదురెదురుగా నిలబడి తిట్టుకునే సౌకర్యం ఉంటుంది.

ఇక నీళ్ల లెక్క. మే నెలలో ఒకసారి మంచినీళ్ల చెరువులు నింపుకోవడానికని కాలువకి నీళ్లు వదులుతారు. ఫలానా రోజు మీ ఊరికి వస్తాయని లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు ముందే చెప్తాడు. ఆయన చెప్పిన రోజున నీళ్లు బయల్దేరతాయి, పాపం, మోసం లేదు. కానీ దారిలో ఎన్ని ఊళ్లు, ఎన్ని మోటార్లు, ఎంత గుర్రపుడెక్క! అన్నీ దాటుకుని మా దగ్గరికి వచ్చేసరికి మూడు రోజులు ఆలస్యం. ఆదివారం అన్నారంటే బుధవారం అని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బస్సు ఆలస్యమైతే తిట్టుకుంటాం కానీ నీళ్లు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు. మాకు అదే టైము.

ఆ ఏడు లస్కరు ఆదివారం అన్నాడు. పెద్ద మావయ్య వేళ్లు మడిచారు.

"ఆదివారం అన్నాడా, అంటే బుధవారం. కాలువ మనకి ఆదివారం ఖాళీ. ఆటలు ఆ రోజే పెట్టేద్దాం. సెలవు రోజు కూడా కలిసొస్తుంది."

అందరం తలూపాం. నేనూ ఊపాను. నా తలలో ఏముందో మొదట్లోనే చెప్పాను కాబట్టి నన్ననకూడదు. కానీ ఊరు మొత్తం మర్చిపోయిన విషయం ఒకటుంది. అంతకు ముందే ఆ వేసవిలో పొక్లెయిన్ వచ్చి పై ఊళ్ల నుంచి మా ఊరి దాకా గుర్రపుడెక్క, తూడు అంతా పీకేసి, పూడిక తీసి, కాలువని అద్దంలా చేసి వెళ్లింది. అది ఊరికే రాలేదు. పెద్ద మావయ్య బందరు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెప్పించారు. "ఇక చూస్కోండి, చెప్పిన రోజుకి చెప్పినట్టు నీళ్లు!" అని ఇంటింటికీ వెళ్లి మరీ చెప్పింది ఆయనే. అందుకు ఆయనకి ఊరి తరఫున సన్మానం చెయ్యాలనుకున్నాం. ఆ సన్మానం ఎక్కడ, ఎప్పుడు? ఆ కాలువలోనే, ఆ ఆదివారమే.

మే నెలలో శాలువా కప్పితే మనిషి ఉడికిపోతాడని పెడన నుంచి కలంకారీ కండువా తెప్పించాం. చల్లపల్లి టెంట్ హౌస్ నుంచి పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర సింహాసనం వచ్చింది. దాన్ని కాలువ అడుగున నడిమధ్యలో వేశాం. ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్క పులిహోర గంగాళం, మజ్జిగ కుండలు. పైన గట్టు మీద సౌండ్ బాక్సులు, నా చేతిలో వైరు లేని మైకు.

పొద్దుట్నుంచి నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. స్లో సైకిల్ రేసులో పాలు పోసే బావ తన బరువంతా వేసుకుని, అందరికంటే నెమ్మదిగా, నిలబడి ఉన్న సైకిల్ మీద నుంచే పడ్డాడు. నా గొంతులోకి తన్నుకొచ్చిన మాటని గుటకేసి లోపలికి నెట్టి, "మూడో నంబరు పోటీదారుడు నిష్క్రమించారు" అన్నాను. ముసలమ్మల మ్యూజికల్ చైర్స్‌లో ఒకే కుర్చీలో ముగ్గురు కూర్చుని, ముగ్గురూ ముందు నేనంటే నేనని లేవకుండా కూర్చున్నారు. "నిర్వాహకుల నిర్ణయమే తుది నిర్ణయం" అన్నాను. నా నోటితో నేనే! గ్లాసు తర్వాత గ్లాసు మజ్జిగ తాగుతూ జోకుల్ని దిగమింగుతున్నాను.

"ఏంట్రా బావా, బ్యాటరీ అయిపోయిందా?" అని గట్టు మీద నుంచి ఒకడు.

"ఎవరో పోయినట్టు చెప్తున్నాడేంటే వీడు?" అని ఒక పిన్ని.

మా ఆవిడ దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదు. నిమ్మకాయ చెంచా కూడా దాటిపోయింది. మీరేనా అసలు?"

పెద్ద మావయ్య సింహాసనం మీద నుంచి నా వైపు చూసి మెచ్చుకోలుగా మీసం సవరించారు. నా మైకు నాకే మిగిలేలా ఉంది. ఇక మిగిలింది సన్మానం, ఆ తర్వాత ఆడవాళ్ల తాడు లాగుడు, తర్వాత భోజనాలు. తాడు లాగుడు ఏటా తూర్పు గట్టుకీ పడమటి గట్టుకీ మధ్యే. పడమటి గట్టు జట్టులో అందరికంటే వెనక, తాడు నడుముకి చుట్టుకుని నిలబడేది మా ఆవిడే. సన్మానం తొందరగా అయిపోతుందనుకుని రెండు జట్లూ సింహాసనం వెనకే తాడు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాయి. మాస్టారు సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టారు కాబట్టి తొందరగా అవ్వలేదు. భగీరథుడి దగ్గర ఎత్తుకుని, పొక్లెయిన్ దాకా రావడానికి ఆయన ఎంత వేగంగా నడిచినా చాలా దూరం ఉంది.

అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. లస్కరు.

"ఏవండీ, నీళ్లు మీ పై ఊరు దాటేశాయి. ఇంకాసేపట్లో మీ దగ్గరుంటాయి. కాలువలో గేదెలేమన్నా ఉంటే తోలేసుకోమని చెప్పండి."

"గేదెలు లేవండీ," అన్నాను. "మా ఊరుంది."

ఫోన్ పెట్టేసి మైకు వంక చూశాను. చెప్తే జనం నవ్వుతారు. జనం నవ్వితే జోకే. జోకైతే మైకు పోతుంది. చెప్పకపోతే ఊరు తడుస్తుంది. నాకు ఎనిమిదో తరగతిలో కూడా ఇంత కష్టమైన లెక్క ఇవ్వలేదు. చివరికి మాస్టారిని ఆపి, ఆకాశవాణిలో వార్తలు చదివేవాళ్లలా గొంతు సర్దుకుని చెప్పాను.

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. కాలువకి నీళ్లు వస్తున్నాయి. అందరూ దయచేసి గట్టు ఎక్కాలి."

రెండు గట్లూ ఒక్కసారి గొల్లుమన్నాయి. ఈలలు, చప్పట్లు. "పొద్దుట్నుంచి బిగబట్టి బిగబట్టి ఒక్కసారే వదిలాడ్రా!" అని పాలు పోసే బావ కింద పడి దొర్లాడు. ఆ రోజు ఆయన పడటం రెండోసారి.

పెద్ద మావయ్య సింహాసనంలోంచి సగం లేచారు. "చూశారా? నా సన్మానం దాకా ఆగి మరీ వేశాడు!"

"జోకు కాదండీ మావయ్యా. లస్కరు ఫోన్ చేశాడు."

"లస్కరు ఎప్పుడూ నిజమే చెప్తాడ్రా. తేడా వచ్చేది రోజు దగ్గరే. ఇవాళేంటి? ఆదివారం. నీళ్లెప్పుడు? బుధవారం. మైకు మాస్టారికివ్వు."

ఇచ్చేశాను. చెయ్యి తేలికైపోయింది, గుండె బరువెక్కింది. మైకు లేకుండానే అరిచాను. నా అరుపుకి మైకుతో పనిలేదు కానీ, నమ్మకం మైకులోంచి కూడా రాదని ఆ రోజే తెలిసింది. నేనెంత అరిస్తే వాళ్లంత నవ్వారు. ఒక్క మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి ఒక్కసారి పరీక్షగా చూసింది.

"ఒసేయ్, పిల్లల్ని గట్టెక్కించండే! ఈయన ఉత్తుత్తి మాటలు చెప్పేటప్పుడు ఎడం చెవి కదుల్తుంది. ఇప్పుడు కదల్లేదు."

పెళ్లైన ఇన్నేళ్లలో నా చెవి సంగతి నాకు తెలియడం అదే మొదలు. ఆడవాళ్లు ఆవిడ మాట నమ్మారు. పిల్లల్నీ ముసలమ్మల్నీ గట్టెక్కించి, మళ్లీ దిగొచ్చి తాడు పట్టుకున్నారు.

"నువ్వు కూడా ఎక్కవే!" అన్నాను.

"నేనెక్కితే ఆ గట్టువాళ్లు గెలిచేశామంటారు. ముందు వాళ్లని ఎక్కమనండి."

ఆ గట్టువాళ్లు కూడా అదే మాటన్నారు.

నీళ్లు రావడమంటే వరదలా మీద పడటం కాదు. వంపు దగ్గర ముందు మా ఊరి కుక్క ఒకటి వెనక్కి వెనక్కి నడుస్తూ కనిపించింది. దాని ముందు గోధుమ రంగు నీటి నాలుక ఒకటి, ఎండుటాకుల్నీ గడ్డినీ ఖాళీ సీసాల్నీ ఒక ఎడం కాలి చెప్పునీ నెట్టుకుంటూ, తీరిగ్గా, చుట్టపుచూపుకి వచ్చినట్టు వస్తోంది. నవ్వు ముందు పై చివర ఆగింది. అక్కణ్ణుంచి వరసగా గట్టు పొడవునా ఆగుతూ వచ్చింది.

ఊరంతా కలిసి ముందు గట్టెక్కించింది పులిహోర గంగాళాన్ని. సన్మానం అందుకునే మనిషి గుర్తుకొచ్చింది ఆ తర్వాతే.

పెద్ద మావయ్య కదల్లేదు. పాదాలు తడిశాయి. "ఎక్కడో పైపు పగిలుంటుంది" అన్నారు. చీలమండలు మునిగాయి. "ఎవరో చేపల చెరువు గండి కొట్టుకున్నారు" అన్నారు. పంచె అంచు తేలింది. "ఇవాళ ఆదివారంరా!" అన్నారు, నీళ్లకి చెప్తున్నట్టు. మాస్టారు మాత్రం సన్మాన పత్రం ఆపకుండా, చదువుతూనే పక్కనున్న బల్లెక్కి నిలబడి, "వీరి అవిరళ కృషి ఫలితముగా నేడు మన గ్రామమునకు సకాలములో జలములు..." అని సరిగ్గా ఆ వాక్యం దగ్గరికే వచ్చారు. అంతవరకూ ఆయన ఉపన్యాసం ఏ రోజూ టైముకి రాలేదు. ఆ రోజు అన్నీ టైముకే వచ్చాయి.

తీరా లేద్దామనుకునేసరికి సింహాసనం కాళ్లు మెత్తబడ్డ ఒండ్రులో దిగబడిపోయాయి. ఆయన బరువుకి ఆయన కాళ్లూ దిగబడ్డాయి. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి, ప్రమాదమేమీ లేదు, కానీ మనిషి కదలట్లేదు. మా ఆవిడ ముందుకొచ్చి తాడు మధ్య భాగం ఆయన మీదకి విసిరింది.

"మావయ్యగారూ, కుర్చీ చేతులకి చుట్టుకుని గట్టిగా పట్టుకోండి!"

చుట్టుకున్నారు. పడమటి గట్టువాళ్లు తమ గట్టు వైపు లాగారు. అది చూసి, తాడు కదిలిందంటే పోటీ మొదలైనట్టేనని తూర్పు గట్టువాళ్లూ లాగారు. పెళ్లికొడుకు సింహాసనం ఒండ్రులోంచి చప్పున ఊడి, పెద్ద మావయ్యతో సహా ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊరేగింది.

"ఆగండే! నేను మనిషినే, తాడు మధ్యలో కట్టే రిబ్బన్ని కాదు!"

బల్ల మీద నుంచి మాస్టారు మైకులో, "తూర్పు గట్టు అర గజము ముందున్నది" అన్నారు. ఆయన జీవితంలో చెప్పిన అతి చిన్న వాక్యం అదే. అది విని మా ఆవిడ ఏం కేక పెట్టిందో నాకు అర్థం కాలేదు కానీ, నా గొంతు మా ఇంట్లో రెండో స్థానంలో ఉందని మాత్రం అర్థమైంది. పడమటి గట్టు ఒక్క ఊపు ఊపింది. సింహాసనం, మావయ్య, కండువా కలిసి గట్టెక్కాయి. పూలదండ ఒక్కటే సముద్రం వైపు వెళ్లింది. దాని వెనకే వెళ్లబోయిన ప్లాస్టిక్ కుర్చీల్ని కుర్రాళ్లు వంతెన దగ్గర అడ్డుపడి పట్టుకున్నారు. తర్వాత అందరం తడిబట్టలతోనే గట్టు మీద వరసగా కూర్చుని పులిహోర తిన్నాం. ఎదుటి గట్టు వాళ్లు అది పోటీ కిందకి రాదని తిడుతున్నారు, కానీ అప్పటికి మధ్యలో నీళ్లున్నాయి.

తెల్లారి నేను పెద్ద మావయ్య ఇంటికెళ్లాను. కలంకారీ కండువా తీగ మీద ఆరుతోంది. పెడనలో ఆ బట్టని పారే నీళ్లలో ఉతుకుతారంటారు. మనిషి మీద ఉండగానే ఉతికింది మేమే అయ్యుంటాం. ఆయన అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మైకు సంచీ పక్కనే ఉంది. నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

"జనం నవ్వారు కానీ అది జోకు కాదండీ మావయ్యా," అన్నాను, వీలైనంత వినయంగా.

ఆయన సంచీని నా వైపు తోశారు. "పట్టుకుపో. నిన్న తాడు ఊడదీశాక కూడా మాస్టారు మైకు ఇవ్వలేదు. బల్ల దింపి తెచ్చుకునేసరికి చీకటి పడింది."

సంచీ చంకలో పెట్టుకున్నాను. ఆ క్షణంలో దణ్ణం పెట్టి వచ్చేస్తే బాగుండేది. కానీ నిన్నంతా మింగిన మజ్జిగ ఇంకా కడుపులో ఉంది.

"అది సరే కానీ మావయ్యా, కాలువ బాగు చేయించింది మీరు. చెప్పిన రోజుకి నీళ్లొస్తాయని ఊరంతా చాటింది మీరు. తీరా వచ్చాయంటే ఆఖరిదాకా నమ్మనిది కూడా మీరేనా?"

ఆయన చాపిన కాళ్లు దగ్గరికి తీసుకోలేదు, గొంతూ పెంచలేదు.

"ఒరేయ్, నాకు ఊహ తెలిశాక నీళ్లు టైముకి రావడం నిన్నొక్కసారే. నువ్వు మైకులో నిజం చెప్పడం కూడా నిన్నొక్కసారే. ఆ రెండూ ఒకే రోజున పడతాయని ఏ పంచాంగంలో రాశారో చూపించు, ఇంకో సన్మానం నీకు చేయిస్తా."